కువైట్ దినార్లు ఇన్ని వస్తున్నా లోటు ఎందుకు?

రాయచోటి నుంచి ఒక డిగ్రీ విద్యార్థిని అడిగిన ప్రశ్న ఇది: "మా వీధిలో ఇంటికొకరు కువైట్‌లో ఉన్నారు. మా అమ్మ కూడా అక్కడే పనిచేస్తోంది. దేశానికి ఇంత డబ్బు వస్తుంటే కరెంట్ ఖాతాలో లోటు అని పత్రికల్లో ఎందుకు రాస్తారు? లోటంటే దేశం నష్టపోయినట్టేనా? రూపాయి పడితే మా ఇంటికి ఎక్కువ వస్తుంది కదా, అది చెడ్డదని ఎందుకంటారు? రూపాయి ఇంకా పడుతుంది, అప్పటిదాకా డబ్బు పంపకుండా ఆగమని అమ్మకు తెలిసినవాళ్లు చెబుతున్నారు. ఆగాలా?"

అమ్మా, నేను బ్యాంకులో 33 ఏళ్లు పనిచేశాను. మొదటి ఏళ్లు రాజంపేట వైపు ఒక శాఖలో, చివరి పదేళ్లు ఎగుమతి, దిగుమతి బిల్లులు చూసే విభాగంలో. మీ నాలుగు ప్రశ్నలూ ఆ రెండు చోట్లా రోజూ నా బల్ల మీదికి వచ్చినవే. కాబట్టి కాస్త తీరిగ్గానే చెబుతాను.

ముందు లెక్క. చెల్లింపుల శేషం అంటే ఒక ఏడాదిలో మన దేశంలో ఉండేవాళ్లకూ పరాయి దేశాల్లో ఉండేవాళ్లకూ మధ్య నడిచిన ఇచ్చిపుచ్చుకోవడాల పద్దు. 2023–24నే తీసుకోండి. ఉజ్జాయింపు అంకెలు చెబుతాను. సరుకుల్లో మనం అమ్మినదానికంటే దాదాపు 24,000 కోట్ల డాలర్లు ఎక్కువ కొన్నాం. సాఫ్ట్‌వేర్ వంటి సేవలు అమ్మి, మనం కొన్న సేవలు పోను, 16,000 కోట్ల డాలర్లు మిగుల్చుకున్నాం. మీ అమ్మగారి వంటివాళ్లు పంపినదాంట్లో, ఇక్కడి నుంచి బయటికి పంపినది తీసేస్తే, పదిన్నర వేల కోట్లు నిలిచాయి. ఇక్కడ పెట్టుబడి పెట్టిన విదేశీయుల లాభాలకూ, మనం చేసిన అప్పుల వడ్డీలకూ ఐదు వేల కోట్లు బయటికి వెళ్లాయి. అన్నీ కలిపి తీసేస్తే ఇంకా రెండున్నర వేల కోట్ల డాలర్లు తక్కువ పడ్డాయి. అదే కరెంట్ ఖాతా లోటు.

అంటే అమ్మగారి డబ్బు ఎక్కడికో పోవడం లేదు. ఆ వరుస మొత్తాన్ని కొట్టేసి చూడండి, లోటు ఐదింతలు అవుతుంది. పెనగలూరులోనో, చిట్వేలులోనో పుట్టి, తెలియని భాషలో, తెలియని ఇంట్లో అంట్లు తోమే ఆడవాళ్లు ఈ దేశపు చమురు బిల్లులో కొంత మోస్తున్నారు. ఈ మాట నేను మర్యాద కోసం చెప్పడం లేదు. పద్దులో ఉన్నది చెబుతున్నాను.

లోటంటే నష్టమా అంటే, కాదు. సంపాదించినదానికంటే ఎక్కువ వాడుకున్నామని మాత్రమే దాని అర్థం. తక్కువపడిన డాలర్లను ఎవరో ఒకరు తెచ్చి పెట్టాలి. ఫ్యాక్టరీ పెట్టడానికి వచ్చినవాళ్లు తేవచ్చు, అప్పిచ్చినవాళ్లు తేవచ్చు, షేర్లు కొన్నవాళ్లు తేవచ్చు, బ్యాంకుల్లో డిపాజిట్ చేసిన ప్రవాసులు తేవచ్చు. ఎదిగే దేశానికి యంత్రాలు కావాలి, చమురు కావాలి. సొంత పొదుపు చాలనప్పుడు లోటు ఉండటం వింత కాదు. పూడ్చిన డబ్బు ఎలాంటిదన్నదే అసలు విషయం. కూలికి వచ్చిన డబ్బు మళ్లీ వెనక్కి అడగరు. ఫ్యాక్టరీలో పెట్టిన డబ్బు రాత్రికి రాత్రి లేచిపోలేదు. మూడు నెలల అప్పు, వడ్డీ చూసి వచ్చిన డిపాజిట్ అలా కాదు. గాలి మారిందంటే వెళ్లిపోతాయి. ఇది నేను పుస్తకంలో కంటే ముందు కౌంటరు దగ్గర నేర్చుకున్నాను.

1990 ఆగస్టు 2న ఇరాక్ సైన్యం కువైట్‌లోకి దిగింది. మనవాళ్లు ఎడారి దాటి జోర్డాన్ చేరారు. అమ్మాన్ నుంచి ఎయిరిండియా విమానాలు అక్టోబరు దాకా తిరిగి లక్షా డెబ్బై వేల మంది భారతీయులను ఇళ్లకు చేర్చాయి. వాళ్లలో మన కడప జిల్లా వాళ్లు చాలామంది. ఆ సెప్టెంబరు చివర్లో ఒకామె మా శాఖకు వచ్చి, కొంగు ముడి విప్పి, ఏడు పది దినార్ల నోట్లు బల్ల మీద పెట్టారు. చెమటకు తడిసి ఆరి గట్టిపడిన నోట్లు. దినారు అప్పట్లో అరవై రూపాయల దరిదాపుల్లో ఉండేది కాబట్టి జులైలో అయితే నాలుగు వేలకు పైగా వచ్చేవి. ఆ రోజు మా రేట్ల కాగితంలో దినారు ఎదురుగా ఒక గీత గీసి ఉంది. కువైట్ దినారును కొనేవాళ్లే లేరు. మేనేజరు గారు కూర్చోబెట్టి నెమ్మదిగా చెప్పారు. ఆమె అంతా విని, "మారని డబ్బు కూడా ఉంటుందా సార్?" అని అడిగారు. మళ్లీ ఒక్కో నోటూ మడిచి కొంగులో కట్టుకుని వెళ్లారు.

అదే నెలల్లో దేశానికి ఏమైందో చూడండి. మామూలుగా చమురు ధర పెరిగితే మన దిగుమతి బిల్లు పెరుగుతుంది, కానీ గల్ఫ్‌లో పనులూ పెరుగుతాయి, వచ్చే డబ్బూ పెరుగుతుంది. తగ్గితే రెండూ తగ్గుతాయి. మంగంపేట ముగ్గురాయిదీ ఇదే నడక. ప్రపంచంలోనే అతి పెద్ద ముగ్గురాయి నిక్షేపాల్లో ఒకటి మన దగ్గర ఉంది. చమురు బావులు తవ్వేటప్పుడు బురదకు బరువు రావడానికి ఆ పొడి కలుపుతారు. బావుల తవ్వకం జోరుగా ఉంటే ఓబులవారిపల్లె లారీలకు తీరిక ఉండదు. ఇలా ఒక చేత్తో పోయినదాంట్లో కొంత ఇంకో చేతికి వస్తుంది. 1990లో మాత్రం రెండు దెబ్బలూ ఒకే వైపు పడ్డాయి. బ్యారెల్ 20 డాలర్ల లోపు ఉన్న చమురు అక్టోబరుకు 40 దాటింది. అదే సమయంలో కువైట్, ఇరాక్‌ల నుంచి వచ్చే డబ్బు ఆగిపోయింది, అక్కడికి వెళ్లే మన సరుకూ ఆగిపోయింది.

దేశం అప్పటికే బలహీనంగా ఉంది. 1990–91లో కరెంట్ ఖాతా లోటు జీడీపీలో మూడు శాతం. 1980ల్లో దాన్ని పూడ్చడానికి తక్కువ గడువు అప్పులు, ప్రవాసుల డిపాజిట్లు తెచ్చారు. అప్పటి విదేశీ కరెన్సీ డిపాజిట్ పథకంలో వడ్డీ బాగుండేది, పైగా రూపాయి పడితే ఆ నష్టాన్ని రిజర్వ్ బ్యాంక్ భరించేది. డిపాజిట్ చేసినవాళ్లకు ఏ దిగులూ లేదు. దేశం మీద నమ్మకం సడలగానే, 1990 అక్టోబరు నుంచి ఆ డబ్బు తిరుగుముఖం పట్టింది. గమనించండి, వెనక్కి వెళ్లింది ఆ కొంగు ముడిలోని డబ్బు కాదు. ఇంటి పనివాళ్లు పంపినది అప్పటికే మన ఊళ్లలో ఇళ్ల గోడలై, పిల్లల ఫీజులై నిలిచి ఉంది. వెళ్లిపోయింది వడ్డీ కోసం వచ్చిన డబ్బు.

బ్యాంకులో కూర్చున్నవాడికి సంక్షోభం ఎలా కనబడుతుందంటే, ఒక సర్క్యులర్‌లా కనబడుతుంది. దిగుమతికి ఎల్‌సీ (లెటర్ ఆఫ్ క్రెడిట్, అంటే సరుకుకు డబ్బు చెల్లిస్తామని అమ్మేవాళ్లకు కొనేవాళ్ల బ్యాంకు ఇచ్చే హామీ పత్రం) తెరవాలంటే సరుకు విలువలో సగం నగదు ముందే కట్టించుకోమని మొదట వచ్చింది. 1991 ఏప్రిల్ నాటికి అది 200 శాతానికి చేరింది. అంటే లక్ష రూపాయల సరుకు తెప్పించుకోవాలంటే రెండు లక్షలు మా దగ్గర పెట్టాలి. చిన్న పరిశ్రమ నడుపుకునేవాళ్లు ఆ మాట విని మాట్లాడకుండా లేచి వెళ్లిపోయేవారు. జూన్ నాటికి దేశం దగ్గర మిగిలిన విదేశీ మారకం మూడు వారాల దిగుమతులకు సరిపోయేంత. మే నెలలో 20 టన్నుల బంగారం స్విట్జర్లాండ్‌కు వెళ్లింది, జులైలో దాదాపు 47 టన్నులు బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్, బ్యాంక్ ఆఫ్ జపాన్‌ల దగ్గర తాకట్టుకు వెళ్లింది. ఆ తాకట్టు మీద వచ్చింది 40 కోట్ల డాలర్లు. జులై 1న, 3న రెండు విడతలుగా రూపాయి విలువ తగ్గించారు.

అప్పటి ప్రధాని పి.వి. నరసింహారావు పదవి చేపట్టేనాటికి పార్లమెంటు సభ్యుడు కారు. ఆ నవంబరులో ఆయనను లోక్‌సభకు పంపింది అప్పట్లో కర్నూలు జిల్లాలో ఉన్న మన నంద్యాలే. ఆ తర్వాత చెల్లింపుల శేషం మీద ఆర్థికవేత్త సి. రంగరాజన్ అధ్యక్షతన వేసిన కమిటీకి సభ్య కార్యదర్శిగా పనిచేసిన వై.వి. రెడ్డి కడప జిల్లాలో పుట్టినవారు, తర్వాత రిజర్వ్ బ్యాంక్ గవర్నర్ అయ్యారు. తక్కువ గడువు అప్పులకు దూరంగా ఉండాలి, అప్పు కంటే పెట్టుబడి మేలు, లోటును హద్దులో ఉంచాలి, ఇదీ ఆ కమిటీ చెప్పిన దారి. మారక నష్టం రిజర్వ్ బ్యాంక్ మోసే ఆ పాత డిపాజిట్ పథకాన్ని కూడా తర్వాత ఆపేశారు. 2013లో రూపాయి డాలరుకు 68 దాటి పడినప్పుడు చాలామంది 1991 మళ్లీ వచ్చిందన్నారు. 2012–13 లోటు జీడీపీలో 4.8 శాతం, 1991 కంటే ఎక్కువే. అయినా బంగారం తాకట్టు దాకా పోలేదు. చేతిలో నిల్వలున్నాయి, తక్కువ గడువు అప్పు అప్పటిలా పీకల మీద లేదు.

ఇక మన ఊళ్ల వైపు వద్దాం. దేశపు పద్దు అర్థం కావాలంటే ఒక ఊరి పొలిమేర దగ్గర కూర్చుని లోపలికి వచ్చేదీ బయటికి పోయేదీ రాసుకుంటే చాలు అనిపిస్తుంది నాకు. బొప్పాయి, మామిడి, అరటి బయటికి పోతాయి. దినార్లు లోపలికి వస్తాయి. డీజిలు, డీఏపీ ఎరువు, పామాయిల్, ఫోన్లు కొనడానికి డబ్బు బయటికి పోతుంది. (ఊరికి సొంత రూపాయి లేదు కాబట్టి పోలిక అంతవరకే పనికొస్తుంది.) ఇంకో పెద్ద వరుస ఉంది. రాజంపేటలో దిగిన దినార్లలో కొన్ని బస్సెక్కి ప్రొద్దుటూరు వెళతాయి. పసిడిపురి అని పేరు పడ్డ ఆ ఊరి దుకాణాల్లో గాజులో, గొలుసో అవుతాయి. దేశపు పద్దులో బంగారం కూడా దిగుమతి సరుకే. మనం వాడేది దాదాపు అంతా బయటి నుంచే వస్తుంది. కువైట్ నుంచి వచ్చిన డాలరు బంగారం రూపంలో మళ్లీ బయటికి వెళ్లిపోయిందన్నమాట. ఆడవాళ్లు బంగారం కొనడాన్ని నేను తప్పు పట్టను. కష్టకాలంలో గంటలో డబ్బయ్యే వస్తువు వాళ్ల దగ్గర అదొక్కటే. ప్రభుత్వం సుంకం పెంచి ఆపాలని చూసింది. 2012 మొదట్లో రెండు శాతం ఉన్నది 2013 ఆగస్టుకు పది శాతమైంది, 2022లో 15కు పోయింది, 2024 జులైలో ఆరుకు దిగింది. సుంకం ఎక్కువున్న కాలంలో దొంగబంగారం, హుండీ (బ్యాంకుతో పని లేకుండా చేతుల మీదుగా డబ్బు చేర్చే దొంగ వ్యాపారం) రెండూ బలిసేవి. అది కళ్లారా చూశాను కాబట్టి తక్కువ సుంకమే మేలని నా అభిప్రాయం.

ఎగుమతుల గురించి చెప్పాలంటే కృష్ణాపురం ఉల్లి గురించి చెప్పాలి. కేపీ ఉల్లి అంటారు. చిన్న గడ్డ, మంచి ఎరుపు, ఘాటు ఎక్కువ. మన ఇళ్లలో కూరకు వాడేది కాదు. మలేసియా, సింగపూర్, శ్రీలంక, థాయ్‌లాండ్ వాళ్ల కోసమే పండే పంట. 2020 సెప్టెంబరు 14న కేంద్రం ఉల్లి ఎగుమతులు మొత్తం నిషేధించింది. ఢిల్లీలో ఉల్లి ధర పెరిగినందుకు, ఢిల్లీలో ఎవరూ తినని ఉల్లి కూడా ఆగింది. నాకు తెలిసిన ఒక వ్యాపారి సరుకు అప్పటికే చెన్నై దారిలో ఉంది. మలేసియా కొనుగోలుదారు తెరిచిన ఎల్‌సీ మా దగ్గరే ఉండేది. ఫలానా తేదీలోగా ఓడ ఎక్కాలి అని అందులో ఒక గడి ఉంటుంది. ఆ తేదీ దాటిపోతే ఆ కాగితానికి విలువ లేదు. ఆయన రోజూ ఉదయం వచ్చి ఆ గడి వైపు చూసి వెళ్లేవారు. అక్టోబరులో కేపీ ఉల్లికి 10,000 టన్నుల వరకు, చెన్నై రేవు నుంచి మాత్రమే, ఉద్యాన శాఖ ధ్రువపత్రంతో పంపుకోవచ్చని అనుమతి వచ్చింది. అప్పటికి ఆయన తేదీ దాటిపోయింది. సంచుల్లో గడ్డలు మొలకలెత్తాయి. కొనుగోలుదారు వేరే దేశం సరుకు చూసుకున్నాడు. 2023 డిసెంబరులో మళ్లీ నిషేధం పెట్టి, 2024 మేలో ఎత్తారు. రూపాయి పడితే ఎగుమతులు పెరుగుతాయని పుస్తకాల్లో చదువుతారు మీరు. తలుపు ఎప్పుడు మూస్తారో తెలియనప్పుడు రూపాయి ఎంత పడినా కొత్త కొనుగోలుదారు రాడు. కేపీ ఉల్లిని ఏ నిషేధంలోనూ చేర్చకూడదని ఉద్యోగంలో ఉండగా చెప్పాను, ఇప్పుడూ చెబుతున్నాను.

అవతలి దేశంలో డాలర్లు అయిపోతే ఏమవుతుందో కూడా 2022లో చూశాం. శ్రీలంక అప్పులు కట్టలేక చేతులెత్తేసింది. కొలంబో రేవులో ఆహార సరుకుల కంటైనర్లు విడిపించుకునే డాలర్లు లేక నిలిచిపోయాయి. 1991లో మనం అంచు దాకా వెళ్లి ఆగిన చోటు అది.

దిగుమతుల వైపు అనంతపురం కథ వేరు. ఒకప్పుడు దేశంలో ఏ జిల్లాలోనూ లేనంత వేరుశనగ అక్కడ వేసేవారు. ఏటా 550 మిల్లీమీటర్ల వాన, అదీ నమ్మకం లేని వాన. 1986లో నూనెగింజల మిషన్ పెట్టాక 90ల మొదట్లో వంటనూనెలో దేశం దాదాపు సొంత కాళ్ల మీద నిలబడింది. తర్వాత పామాయిల్‌కు తలుపులు తెరిచారు. ఇప్పుడు వాడే నూనెలో సగానికి పైగా బయటిదే. 2022 ఏప్రిల్‌లో ఇండోనేషియా పామాయిల్ ఎగుమతి ఆపితే మన వీధి బజ్జీల బండి దాకా ఆ సెగ తగిలింది. 2024 సెప్టెంబరులో ముడి నూనెల మీద 20 శాతం సుంకం వేశారు. మరుసటి మే చివర్లో, సరిగ్గా అనంతపురం రైతు విత్తనకాయ కోసం తిరిగే రోజుల్లో, దాన్ని పదికి తగ్గించారు. పట్టణాల్లో ధర తగ్గాలన్న ఆలోచన అర్థమవుతుంది. కానీ విత్తే ముందు రైతుకు అందే సంకేతం అదైతే రేపటి దిగుమతి బిల్లు పెరగక ఏం చేస్తుంది? హిందూపురం పట్టుగూళ్ల రైతులకూ ఇదే జరిగింది. 2011 బడ్జెట్‌లో ముడిపట్టు సుంకం 30 నుంచి 5 శాతానికి దించారు. చైనా పట్టు చవకై ధర్మవరం మగ్గానికి ఊరట, హిందూపురం గూళ్లకు దెబ్బ. రెండు ఊళ్లూ ఒకే జిల్లాలోవి.

పెనుకొండ కియా ఫ్యాక్టరీ దగ్గర మాత్రం పద్దు మంచి వైపు వాలింది. పెట్టుబడిగా వచ్చిన డాలర్లు నేలలో పాతుకుని ఉన్నాయి. విడిభాగాలు కొన్ని కొరియా నుంచి వస్తాయి, లాభాలు తర్వాత బయటికి పోతాయి, నిజమే. కానీ కార్లు ఓడ ఎక్కుతున్నాయి, మన పిల్లలు లైన్ మీద పని నేర్చుకుంటున్నారు.

ఇప్పుడు రూపాయి ప్రశ్న. దినారు అరవై రూపాయల నుంచి 270 పైకి చేరింది. ఆ లెక్కన మీ ఇల్లు బాగా లాభపడి ఉండాలి. కానీ అమ్మగారు పంపే వంద దినార్లకు ఇక్కడ కొనే నూనె, గ్యాసు, బస్సు టిక్కెట్టు, బంగారం అన్నిట్లోనూ డాలరు దాగి ఉంది. డీఏపీ బస్తా 1,350 రూపాయలకే ఇస్తున్నారంటే పెరిగిన ధరను ప్రభుత్వం మోస్తోందని అర్థం, అదీ మన పన్నుల్లోంచే. మెల్లగా పడే రూపాయి చెడ్డది కాదు, ఎగుమతిదారుకు ఊపిరినిస్తుంది. ఒక్కసారిగా పడేది మాత్రం డిపాజిట్లనూ, షేర్ల డబ్బునూ బెదరగొట్టి ఇంకా పడేలా చేస్తుంది. కువైట్ డబ్బు అందుకునే ఇంటికి వచ్చే లాభం కొన్ని నెలలది. ధరలు వెనకే వచ్చి అందుకుంటాయి.

అమ్మగారిని ఆగమంటున్నవాళ్ల సంగతి. నెలలో రూపాయి ఒక శాతం పడిందే అనుకుందాం. వంద దినార్ల మీద 270 రూపాయలు కలిసొస్తాయి. ఈలోగా ఇంట్లో అవసరానికి నూటికి రెండు రూపాయల వడ్డీకి 27,000 తెచ్చారా, నెలకు 540 కట్టాలి. అంతే లెక్క. ఫీజుకు, వైద్యానికి కావలసినది నెలనెలా పంపించమనండి. రూపాయి పడకుండా పెరిగిన నెలలూ నేను చాలా చూశాను.

ఒక్క మాట గట్టిగా చెబుతాను. హుండీ మనిషి బ్యాంకు కంటే కాస్త ఎక్కువ ఇస్తానంటాడు. ఆ దినార్లు కువైట్‌లోనే ఆగి, చాలాసార్లు బంగారమై దొంగదారిన వస్తాయి. దేశపు పద్దులో అమ్మగారి కష్టం ఎక్కడా నమోదు కాదు. డబ్బు చేరకపోతే అడగడానికి రసీదు ఉండదు, పట్టుబడితే విదేశీ మారకాన్ని అదుపు చేసే ఫెమా చట్టం కింద మీకే ఇబ్బంది. 2016లో కువైట్ ప్రభుత్వం ఇంటి పనివాళ్లకు నెలకు కనీసం 60 దినార్లు ఇవ్వాలని నిర్ణయించింది. యజమానితో పేచీ వచ్చినప్పుడు జీతం అందిందా లేదా అన్నది తేల్చడానికి అక్కడి ఎక్స్చేంజి కంపెనీ ఇచ్చిన రసీదులే ఆధారమై ఒకరిద్దరికి పనికొచ్చాయి. ప్రతి రసీదునూ ఫోటో తీసి మీకు పంపమని అమ్మగారికి చెప్పండి, మీ దగ్గర తేదీలవారీగా దాచండి.